"అల్పజీవి" సుబ్బయ్య ఎక్కడి నుంచి వచ్చాడు? రావిశాస్త్రి గారిని తెలుసుకోవాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

తగరపువలస చదువరి:

అందరికీ నమస్కారం. నేను ఒక ప్రభుత్వ ఇంజనీరింగు విభాగంలో బిల్లుల సెక్షన్‌లో 19 ఏళ్ళుగా పనిచేస్తున్నాను. కాంట్రాక్టరు పని పూర్తిచేసి బిల్లు పెడతాడు. నేను కొలతల పుస్తకం దగ్గర పెట్టుకుని అంకెలు సరిచూసి, సంతకం చేసి పై అధికారికి పంపుతాను. నా బల్ల ముందు రోజూ ఎవరో ఒక కాంట్రాక్టరు నిలబడి ఉంటాడు. కొందరు బతిమాలతారు, కొందరు నవ్వుతారు, కొందరు ఏమీ మాట్లాడకుండా చూస్తారు. ఆ చూపే కష్టం.

ఈ సంగతి ఎందుకు చెబుతున్నానంటే, పోయిన నెల రావిశాస్త్రి గారి, అంటే రాచకొండ విశ్వనాథశాస్త్రి గారి, "అల్పజీవి" నవల చదివాను. అందులో సుబ్బయ్య గుమాస్తా. గవరయ్య కాంట్రాక్టరు. బావమరిది ఒత్తిడి మీద సుబ్బయ్య ఆ గవరయ్య దగ్గర అప్పు తీసుకుంటాడు. అక్కడి నుంచి అతని భయం మొదలవుతుంది. నిజానికి భయం మొదటి నుంచీ ఉన్నదే, దానికి ఇప్పుడు ఒక మొహం వచ్చింది, అంతే. ఆ పుస్తకం చదువుతున్న నాలుగు రోజులూ నాకు ఆఫీసులో చెయ్యి ఆడలేదు. నా తోటివాళ్ళ తలల్లో ఏమి నడుస్తుంటుందో ఎవరో నాకు పక్కన కూర్చుని చెబుతున్నట్టు ఉంది. గవరయ్య వస్తాడేమోనని సుబ్బయ్య అనుకునే తీరు, అనుకున్నదాన్ని మళ్ళీ తానే కాదనుకునే తీరు, మధ్యలో సంబంధం లేని చిన్న విషయం గుర్తుకు రావడం, ఇవన్నీ నేను కళ్ళారా చూసినవే. కానీ అవి కాగితం మీదకు వస్తాయని నాకు తెలియదు.

మా అమ్మాయి ఇంగ్లీషు ఎం.ఏ. చదువుతోంది. తనకు చెబితే, "అది జేమ్స్ జాయిస్ ప్రభావం అమ్మా, దాన్ని చైతన్య స్రవంతి అంటారు" అని ఒక్క మాటలో తేల్చింది. జాయిస్ ఐర్లండు రచయితట, మనిషి తలలో నడిచే ఆలోచనలను వచ్చినవి వచ్చినట్టు రాయడమే చైతన్య స్రవంతి అట. తరువాతి వారం ఆయన నవల "యులిసిస్" తెచ్చి ఇచ్చింది కూడా. 40 పేజీలు చదివాను. నాకు ఆ ఊరు తెలియదు, ఆ ప్రార్థనలు తెలియవు, ఎవరు ఎవరితో మాట్లాడుతున్నారో అందలేదు. సుబ్బయ్య నాకు ఒక్క పేజీలో తెలిసిపోయాడే! అతన్ని పుట్టించిన పుస్తకం ఇదే అయితే నాకు ఎందుకు దగ్గర కాలేదు?

అందుకే అడుగుతున్నాను. రావిశాస్త్రి గారు నిజంగా ఎవరి నుంచి ఏమి తీసుకున్నారు? ఆయనకు ఏవి ఇష్టం? ఇంకా ఏమి చదవాలి, ఏ వరుసలో చదవాలి? పేర్ల జాబితా కాదు నాకు కావలసింది. ఆ మనిషి ఎలా చూసేవాడో, ఎలా వినేవాడో తెలుసుకోవాలని ఉంది. తెలిసినవారు ఓపికగా చెప్పండి.


పాత ప్లీడరు గుమాస్తా, విశాఖ:

అమ్మా, మీ ప్రశ్న చూసి రెండు రోజులు ఆలోచించి రాస్తున్నాను. నేను 41 ఏళ్ళు విశాఖపట్నం కోర్టుల్లో ప్లీడరు గుమాస్తాగా చేసి విశ్రాంతి తీసుకున్నవాడిని. శాస్త్రి గారి దగ్గర పనిచేయలేదు. కానీ ఆయన కథలు పుట్టిన వరండాల్లో నా చెప్పులు అరిగాయి కాబట్టి నాకు తెలిసింది చెబుతాను.

ఆయన 1922 జులై 30న శ్రీకాకుళంలో పుట్టారు. తండ్రి గారూ ప్లీడరే. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో తత్వశాస్త్రం చదివి, మద్రాసులో లా చేసి, విశాఖలో ప్రాక్టీసు పెట్టారు. ఆ కాలం ఎటువంటిదో తెలిస్తే సగం విషయం తెలిసినట్టే. మద్రాసు రాష్ట్రంలో మద్యనిషేధం 1937లో సేలం జిల్లాలో మొదలై 1948 నాటికి మొత్తం రాష్ట్రానికి పాకింది. మన విశాఖ అప్పుడు ఆ రాష్ట్రంలోదే. అంటే ఆయన నల్లకోటు వేసుకుని కోర్టు మెట్లెక్కేనాటికి సారా కాయడం, అమ్మడం, తాగడం అన్నీ నేరాలే. మేజిస్ట్రేటు కోర్టుకు ఆ కేసులే రోజూ వచ్చే రద్దీ. పేదవాడు కుండలో కాస్తాడు, పేదరాలు సీసాలో అమ్ముతుంది, పోలీసు పట్టుకుంటాడు, ప్లీడరు విడిపిస్తాడు, మర్నాడు మళ్ళీ అంతే. ఈ చక్రంలో అందరికీ అన్నం దొరికేది. కుండ పెట్టినవాళ్ళకే దొరికేది కాదు.

నేను చేరేనాటికి నాటుసారా కేసులు ఇంకా ఉన్నాయి. ఒక సంగతి చెబుతాను. చాలామంది ముద్దాయిలు నేరం ఒప్పేసుకునేవాళ్ళు. చేసినవాళ్ళూ ఒప్పుకునేవాళ్ళు, చేయనివాళ్ళూ ఒప్పుకునేవాళ్ళు. ఎందుకంటే కేసు నడిపితే ప్రతి వాయిదాకూ ఒక రోజు కూలి పోతుంది, బండి ఖర్చు ఉంటుంది, మాకు ఫీజు ఇవ్వాలి. జరిమానా కట్టేయడమే చవక. బోనులో నిలబడి "ఒప్పుకుంటున్నాను బాబూ" అనే ఆ మాట వెనక ఈ లెక్కంతా ఉంటుంది. రికార్డులోకి మాత్రం నేరం ఒప్పుకున్నాడు అన్న ముక్కే ఎక్కుతుంది.

అసలు నేను చెప్పదలచుకున్నది ఇది. సాక్షి బోనులో మన ఉత్తరాంధ్ర మాట మాట్లాడుతుంది. ఏడుస్తుంది, తిడుతుంది, సామెత వేస్తుంది, తన మేకపిల్ల సంగతి చెబుతుంది, చచ్చిపోయిన మొగుడి సంగతి చెబుతుంది. మేజిస్ట్రేటు గారు అదంతా విని, తమకు కావలసిన ముక్క ఏరుకుని ఇంగ్లీషులో రాసుకుంటారు. ఆమె ఇరవై నిమిషాలు మాట్లాడితే కాగితం మీద మూడు వాక్యాలు ఉంటాయి. ఆ మూడూ ఆమె మాటలు కావు. వాటి కింద ఆమె వేలిముద్ర పడుతుంది. నేను నకలు దరఖాస్తు పెట్టి ఆ కాగితాలు తెచ్చుకున్నప్పుడల్లా ఆ మనిషి గొంతు ఏమైపోయింది అని బాధపడేవాడిని.

"ఆరు సారా కథలు"లో "మాయ" చదవండి. వృత్తికి కొత్తగా వచ్చిన కుర్ర ప్లీడరుకు ముత్యాలమ్మ అనే ముద్దాయి లోకం ఎలా నడుస్తుందో చెబుతుంది. పోలీసు ఏమిటో, ప్లీడరు ఏమిటో, డబ్బు ఏమిటో, అన్నీ. మొట్టమొదటిసారి చదివినప్పుడు నాకు ఒళ్ళు జలదరించింది. కోర్టు కాగితం వదిలేసిన ఆ ఇరవై నిమిషాలూ అక్కడ ఉన్నాయి! ఒక్క మాట కూడా ఎవరూ ఏరలేదు, దిద్దలేదు. మా పెద్ద గుమాస్తా గారు మధ్యాహ్నం భోజనాల వేళ ఆ కథ పైకి చదివేవారు. చుట్టూ ప్లీడర్లు, బంట్రోతులు, వాయిదాకు వచ్చిన కక్షిదారులు మూగేవాళ్ళు. నవ్వేచోట కక్షిదారులు నవ్వేవాళ్ళు. మా వాళ్ళు కొందరు తల దించుకునేవాళ్ళు.

కాబట్టి ఆయన ఎవరిని చదివారు అని అడిగితే నేను చెప్పేది: ముత్యాలమ్మలను చదివారు. ఏళ్ళ తరబడి బోను పక్కన నిలబడి విన్నారు. విన్నదాన్ని ఇంగ్లీషులోకి కుదించమని చట్టం చెబుతుంటే, ఇంటికి వెళ్ళి తెలుగులో మొత్తంగా రాశారు. మీరు వీలైతే ఏదైనా సోమవారం ఉదయం మేజిస్ట్రేటు కోర్టుకు వెళ్ళి వెనక బెంచీ మీద కూర్చోండి. అక్కడ ఎవరైనా కూర్చోవచ్చు, ఎవరూ పొమ్మనరు. రెండు గంటలు విని వచ్చి ఆ కథలు మళ్ళీ చదవండి.


ఇంగ్లీషు పాఠం:

గుమాస్తా గారూ, మీరు రాసింది చదివి చాలా సంతోషం వేసింది. సాక్ష్యం ఇంగ్లీషులోకి కుదించుకుపోవడం గురించి మీరు చెప్పింది నేను ఎక్కడా చదవలేదు. అయినా ఒక్క విషయంలో మీతో విభేదిస్తాను. ఆ వరండాలో వందలమంది ప్లీడర్లు తిరిగారు, అందరూ ఆ మాటలే విన్నారు. రాసింది ఒక్కరే. పైగా చదువరి గారు అడుగుతున్న "అల్పజీవి" 1950లలో వచ్చిన నవల, సారా కథలకంటే ముందుది. అందులోది కోర్టు కథ కాదు, ఒక మనిషి తలలోని కథ. తలలోకి వెళ్ళే దారి ఆయనకు పుస్తకాల్లోనే దొరికింది. నేను 26 ఏళ్ళుగా కళాశాలలో ఇంగ్లీషు చెబుతున్నాను, "అల్పజీవి"నీ "యులిసిస్"నీ పక్కపక్కన పెట్టి చాలాసార్లు చదివాను. అందుకే ఇంత ధీమాగా అంటున్నాను.

"యులిసిస్" 1922 ఫిబ్రవరిలో పారిస్‌లో అచ్చయింది. శాస్త్రి గారు పుట్టింది ఆ ఏడాదే. ఆ నవల మొత్తం డబ్లిన్ నగరంలో 1904 జూన్ 16 అనే ఒక్క రోజు. కథానాయకుడు లియొపోల్డ్ బ్లూమ్ పత్రికకు ప్రకటనలు సేకరించే మామూలు మనిషి. అతను నడుస్తుంటాడు, తింటుంటాడు, తలలో సగం సగం వాక్యాలు నడుస్తుంటాయి. ఇంత సాధారణమైన మనిషికి ఇంత పెద్ద నవల ఇవ్వడం, అతని ఆలోచనను దిద్దకుండా, పూర్తి చేయకుండా, పుట్టినది పుట్టినట్టు పెట్టడం, ఈ రెండూ శాస్త్రి గారు తీసుకున్నారు. వదిలేసినవి ఇంకా ముఖ్యం. జాయిస్ తన నవల కింద గ్రీకు పురాణం ఒకటి పునాదిగా వేశాడు, ప్రతి అధ్యాయానికీ భాష మార్చాడు, చదువుకున్నవాడికి తప్ప విడిపడని ముడులు వేశాడు. శాస్త్రి గారికి ఆ ముడులు అక్కర లేకపోయాయి. సుబ్బయ్య తలలో ఉన్నది సుబ్బయ్యను ఎరిగిన ఎవరికైనా అర్థం కావాలి. అందుకే మీకు ఒక్క పేజీలో అర్థమయ్యాడు. జాయిస్ మీకు దగ్గర కాకపోవడంలో మీ లోపం ఏమీ లేదు. తలుపు తప్పు తలుపు.

మీరు వెళ్ళవలసిన తలుపు "డబ్లినర్స్". 1914లో వచ్చిన 15 కథల పుస్తకం, భాష తేట. అందులో "కౌంటర్‌పార్ట్స్" అనే కథ చదవండి. ఫారింగ్టన్ లాయర్ల ఆఫీసులో నకళ్ళు రాసే గుమాస్తా. పైవాడు అందరి ముందూ తిడతాడు. సాయంత్రం జేబుగడియారం కుదువపెట్టి తాగుతాడు. అక్కడ కుర్రవాడితో చేతిపట్టు పందెం వేసి ఓడిపోతాడు. ఇంటికి వెళ్ళి నిప్పు ఆరిపోయిందన్న వంకతో చిన్న కొడుకును కర్రతో కొడతాడు. పదీ పదిహేను పేజీలు. అది చదివి వెంటనే సుబ్బయ్యను తలచుకోండి.

ఆ వరుసలోనే ఇంకా రెండు. రష్యన్ రచయిత గొగోల్ రాసిన "ఓవర్‌కోటు", 1842. నకళ్ళు రాయడం తప్ప ఏమీ తెలియని గుమాస్తా కొత్త కోటు కుట్టించుకోవడం, పోగొట్టుకోవడం. మరో రష్యన్ రచయిత చెహోవ్ 1883లో రాసిన చిన్న కథలో ఒక గుమాస్తా నాటకశాలలో తుమ్ముతాడు, ఆ తుంపర ముందు వరుసలోని పెద్ద అధికారి మీద పడిందన్న భయంతో క్షమాపణలు చెప్పీ చెప్పీ చివరికి చచ్చిపోతాడు. శాస్త్రి గారు వీటిలో ఏది ఎప్పుడు చదివారన్న లెక్కలోకి నేను వెళ్ళడం లేదు. సుబ్బయ్యకు బంధువులు ఎవరో చూపిస్తున్నాను.

తెలుగులోనూ ఆయనకు ముందు దారి పడింది. గోపీచంద్ "అసమర్థుని జీవయాత్ర"లో సీతారామారావు ఉన్నాడు, బుచ్చిబాబు "చివరకు మిగిలేది"లో దయానిధి ఉన్నాడు. ఇద్దరూ 1940ల మనుషులు, ఇద్దరూ తమ లోపలికి తాము తవ్వుకున్నవాళ్ళే. కానీ వాళ్ళు చదువుకున్నవాళ్ళు, ఆలోచన వాళ్ళకు ఒక హోదా. సుబ్బయ్యకు ఆలోచన హోదా కాదు, జబ్బు. అతని తలలో జీవితపరమార్థం ఉండదు, బావమరిది ఉంటాడు, ఆఫీసు ఉంటుంది, గవరయ్య ఉంటాడు. తత్వశాస్త్రం పట్టా పుచ్చుకున్న రచయిత తన పాత్రకు ఒక్క తత్వవాక్యం కూడా అరువివ్వకపోవడం నాకు ఎంతో పెద్ద విషయంగా కనిపిస్తుంది. ఆ నిగ్రహం ఆయన ఏ పుస్తకంలోనూ నేర్చుకోలేదు. అక్కడ గుమాస్తా గారి మాటే నెగ్గుతుంది.

గురజాడను కూడా కలపాలి. "కన్యాశుల్కం" మొదట 1897లో అచ్చయింది, మనం చదువుకునే పెద్ద ప్రతి 1909ది. అందులో సారా దుకాణం దృశ్యం మళ్ళీ చదవండి. బైరాగి, హెడ్ కానిస్టేబు, సీసా, వేదాంతం అన్నీ ఒకచోట. చివరి అంకాల్లో వకీళ్ళు, దొంగ సాక్ష్యాలు. ఎవరి నోట వాళ్ళ మాట. ఈ నేలమీద సారా గురించీ కోర్టు గురించీ పోలీసు గురించీ రాయబోయేవాడికి అంతకన్నా దగ్గరి పెద్దదిక్కు ఎవరుంటారు?


తగరపువలస చదువరి:

ఇద్దరికీ కృతజ్ఞతలు. "కౌంటర్‌పార్ట్స్" మా అమ్మాయి సాయంతో రెండు రాత్రులు చదివాను. చివరి పేజీలో ఆ పిల్లవాడు కొట్టవద్దని వేడుకుంటూ, నీ కోసం ప్రార్థన చేస్తాను నాన్నా అంటాడు. నేను పుస్తకం మూసి కాసేపు వంటగదిలో నిలబడ్డాను.

పోలిక నాకు కనిపించింది, తేడా కూడా కనిపించింది. ఫారింగ్టన్ దెబ్బ తిని, దాన్ని తనకంటే చిన్నవాడి మీదకు దించుతాడు. సుబ్బయ్య దించలేడు. అతనికంటే చిన్నవాడు అతనికి దొరకడు, దొరికినా చెయ్యి లేవదు. ఫారింగ్టన్ నాకు భయం కలిగించాడు. సుబ్బయ్య మీద మొదట విసుగు వచ్చింది, తరువాత ఎప్పుడో తెలియకుండా ప్రేమ కలిగింది. ఆ ప్రేమ రచయితది అనుకుంటున్నాను, ఆయనది నాకు అంటింది.

గుమాస్తా గారూ, మీరు చెప్పిన ఇరవై నిమిషాలూ మూడు వాక్యాలూ నన్ను వదలడం లేదు. మా ఆఫీసు ఫైళ్ళలో కూడా అంతే. కూలి అందని మనిషి నాలుగు పేజీల అర్జీ పెడితే మేము దానిమీద "పరిశీలనార్థం" అని రాసి పంపుతాం.

ఇంకా ఒక ప్రశ్న మిగిలింది. ఆయనకు ఏవి ఇష్టం? ఎటువంటి కథలు, ఎటువంటి వస్తువులు, ఎటువంటి మాటలు?


శ్రీకాకుళం కథలపెట్టె:

ఇష్టాల సంగతికి వస్తే నేను మీకు ఒక చేతికందే ఆధారం చూపిస్తాను. శ్రీశ్రీ "ఋక్కులు" అన్న కవిత గుర్తుందా? కుక్కపిల్ల, అగ్గిపుల్ల, సబ్బుబిళ్ళ అంటూ మొదలై, దేన్నీ హీనంగా చూడవద్దని చెబుతుంది. రొట్టెముక్క, అరటితొక్క, బల్లచెక్క కూడా వస్తాయి అందులో. చాలామంది దాన్ని మెచ్చుకుని ఊరుకున్నారు. శాస్త్రి గారు ఆ కవితలోని వస్తువులను ఒక్కొక్కటిగా తీసుకుని ఒక్కోదాని పేరు మీద ఒక్కో కథ రాశారు. ఆ సంపుటి పేరు కూడా "ఋక్కులు". ఒక కవి అన్న మాటను ఇంకో రచయిత ఇంత అక్షరాలా నెరవేర్చిన సందర్భం నాకు తెలుగులో ఇంకొకటి తెలియదు. జాయిస్ గురించి మనం వాదించుకోవచ్చు, ఇక్కడ వాదానికి చోటు లేదు. శ్రీశ్రీదీ విశాఖే అన్నది మీకు తెలిసే ఉంటుంది.

రెండో ఆధారం ఆయన కథల పేర్లు. సారా కథల రచయిత అన్న ముద్ర పడిపోయింది గానీ, "వెన్నెల", "వర్షం", "పువ్వులు", "మామిడిచెట్టు" అని పేర్లు పెట్టుకున్నది ఆ మనిషే. వాన, వెన్నెల, చెట్టు ఆయనకు ప్రాణమని నాకు అనిపిస్తుంది. "వర్షం" ముందు చదవండి. దారిలో వానకు చిక్కుకుని పాకలో ఆగిపోయిన ఒక పిరికి మనిషి కథ అది. సుబ్బయ్యను ప్రేమించిన మీకు అతను వెంటనే తెలుస్తాడు. కానీ అతనికి సుబ్బయ్యకు దొరకని ఒక ముసలాయన తోడు దొరుకుతాడు. "జరీ అంచు తెల్లచీర" తరువాత. ఒక చీర కోసం చిన్నప్పటి నుంచీ ఆశపడిన విశాలాక్షి. అది చదివేటప్పుడు పక్కన ఎవరూ లేకుండా చూసుకోండి.

మూడోది ఆయన ఉపమానాలు. ఒక వస్తువును ఒక పోలికతో వదిలిపెట్టరు. పోలిక మీద పోలిక, మెట్టు మీద మెట్టు పేరుస్తూ పోతారు, ఒక్కోటి ఇంకా కిందికి, ఇంకా మురికిలోకి దిగుతుంది, చివరి మెట్టు దగ్గర నవ్వు ఆగిపోతుంది. దీన్ని అనుకరించినవాళ్ళు చాలామంది పోలికలు మాత్రమే పేర్చారు, కిందికి దిగలేదు. దిగినవాడు పతంజలి. ఆయన విజయనగరం మనిషి, "వీరబొబ్బిలి", "గోపాత్రుడు" రాసినవారు. శాస్త్రి గారి నుంచి ముందుకు ఏమి ప్రవహించిందో చూడాలంటే అక్కడ చూడండి.

ఇష్టాల్లో ఆయన నమ్మకం కూడా కలిసి ఉంటుంది. రచయిత అన్నవాడు తాను రాసేది ఏ మంచికి హాని చేస్తుందో, ఏ చెడ్డకు సాయపడుతుందో ఆలోచించుకుని రాయాలన్నది ఆయన మాట. 1970లో విప్లవ రచయితల సంఘం పుట్టినప్పుడు అందులో ఉన్నారు, అత్యవసర పరిస్థితి రోజుల్లో జైలుకు వెళ్ళారు. "పిపీలికం" అనే కథ ఒకటుంది, తానెవరో తెలుసుకోవాలని బయలుదేరిన చీమ కథ. ఆ నమ్మకాన్ని అంత సరదాగా, అంత లోతుగా ఆయన ఇంకెక్కడా చెప్పలేదని నా అభిప్రాయం. తత్వశాస్త్రం చదువు ఏమైంది అని ఇంగ్లీషు పాఠం గారు అన్నారు కదా, అక్కడికి వెళ్ళింది.

వరుస అడిగారు. "వర్షం", "జరీ అంచు తెల్లచీర", తరువాత "ఆరు సారా కథలు" మొత్తం, తరువాత "ఋక్కులు", "పిపీలికం". అప్పుడు "రాజు-మహిషి" నవల. అందులో మందుల భీముడు మాట్లాడే పేజీలు పైకి చదువుకోండి, కళ్ళతో చదివితే సగమే అందుతాయి. "రత్తాలు-రాంబాబు" పూర్తికాని నవల, అయినా చదవండి. మనసు ఫౌండేషన్ వేసిన "రచనా సాగరం" దొరికితే అన్నీ ఒకచోట ఉంటాయి.

ఇంకొక మాట. మీరు తగరపువలసలో ఉన్నారు, శ్రీకాకుళం మీకు ఎంత దూరం! కాళీపట్నం రామారావు మాస్టారు 1997 ఫిబ్రవరిలో ప్రారంభించిన కథానిలయం అక్కడే ఉంది. తెలుగు కథ అచ్చయిన పత్రికలు ఏళ్ళ తరబడి పోగుచేసి పెట్టారు. శాస్త్రి గారి కథ మొదట అచ్చయిన పత్రికనే చేతిలోకి తీసుకుని చూడండి. ఆ కథ పక్కన ఏ ప్రకటన ఉంది, ముందు పేజీలో ఎవరి కథ ఉంది, బొమ్మ ఎవరు వేశారు, ఇవన్నీ సంపుటిలో ఉండవు. ఆయన మారుపేర్లతో కూడా రాశారు, "శంకరగిరి గిరిజాశంకరం" వాటిలో ఒకటి. పాత పత్రికల్లో ఆ పేరు కనిపిస్తే దాటిపోకండి.


పాత ప్లీడరు గుమాస్తా, విశాఖ:

ఇంగ్లీషు పాఠం గారూ, మీరు అన్నది ఒప్పుకుంటున్నాను. వందమంది విన్నారు, ఒక్కరు రాశారు అన్న మాట దగ్గర నాకు జవాబు లేదు. మా పెద్ద గుమాస్తా గారు ఉంటే ఏమనేవారో. మీరు చెప్పిన తుమ్ము కథ మా మనవరాలి చేత చదివించుకున్నాను. మేజిస్ట్రేటు గారి కారుకు దారి అడ్డం వచ్చానని నెల రోజులు నిద్రపోని ఒక కాపీయిస్టు నాకు తెలుసు.

చదువరి గారూ, "రాజు-మహిషి" పైకి చదవమన్నారు, అది నిజం. సారా కథలు కూడా పైకే చదవండి.


తగరపువలస చదువరి:

పైకే చదివాను. నిన్న రాత్రి మా అమ్మకు "మాయ" వినిపించాను. అమ్మది భీమిలి దగ్గర పల్లె, ఆమెకు అక్షరాలు రావు. ముత్యాలమ్మ మాటలు వచ్చేచోట నేను నా బడి తెలుగు యాసలో చదువుకుంటూ పోతున్నాను. అమ్మ చెయ్యి ఎత్తి ఆపింది. "అలా కాదు, ఆ మనిషి అలా అనదు" అని అదే వాక్యం తను పలికి చూపించింది. నేను మళ్ళీ పుస్తకంలోకి చూశాను. అమ్మ పలికిన తీరే అక్కడ అచ్చయి ఉంది, నేనే దిద్ది చదువుతున్నాను.

ఆ తరువాత నేను వాక్యం చదవడం, అమ్మ దాన్ని పలకడం, అలా పదకొండు దాటింది. మిగతా అయిదు కథలు ఎప్పుడని పొద్దున్నే అడిగింది. వచ్చే రెండో శనివారం ఇద్దరం శ్రీకాకుళం బస్సు ఎక్కుతున్నాం. కథానిలయం ఎన్ని గంటలకు తెరుస్తారో తెలిసినవారు చెప్పగలరా?